మట్టికి పట్టు ఎక్కడిది?



మన మలికిపురం ప్రాంతంలో కొన్నిచోట్ల ఒండ్రు నేల. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ ఇసుక ఎక్కువ. రెండుచోట్లా ఒకే పొటాష్ బస్తా చల్లినా ఫలితం ఒకటి కాదు. పెద్దవాన పడితే ఇసుక నేలలో ఎరువు చాలావరకు కిందికి దిగిపోతుంది. కౌలు చేసుకునే కుటుంబానికి ఆ బస్తా ధర చిన్న ఖర్చు కాదు. కనుక మనం చదివే ఆమ్ల-క్షార పాఠాన్ని ఒకసారి పొలానికి అన్వయించి చూద్దాం.

పొటాషియం, కాల్షియం, అమ్మోనియం ధనావేశం గల అయాన్లు. వాటిని పట్టి ఉంచాలంటే మట్టికి రుణావేశం కావాలి. ఇసుక రేణువుకు అది దాదాపు లేదు. బంకమట్టికి ఉంది. ఆకు, పేడ కుళ్ళగా ఏర్పడే హ్యూమస్‌కు, బరువుకు బరువు చూస్తే, సాధారణంగా ఇంకా ఎక్కువ. అయితే హ్యూమస్ ఆవేశం స్థిరంగా ఉండదు. అందులోని కార్బాక్సిల్ గ్రూపులు బలహీన ఆమ్లాలు. హైడ్రోజన్ అయాన్‌ను వదిలినప్పుడే వాటికి రుణావేశం వస్తుంది.

ఎన్ని గ్రూపులు వదులుతాయో లెక్క కట్టవచ్చు. 1909లో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టిన పి.హెచ్. కొలత ఇక్కడ ఉపయోగపడుతుంది. ఒక గ్రూపు పి.కె. 4.5 అనుకుందాం. నేల పి.హెచ్. కూడా 4.5 అయితే సగం గ్రూపులకు ఆవేశం ఉంటుంది. 5.5 అయితే 91 శాతానికి, 3.5 అయితే 9 శాతానికే.

నిజమైన హ్యూమస్‌లో గ్రూపులు ఒకే రకం కావు. పి.కె. 3.5, 4.5, 5.5 గల మూడు రకాలు సమానంగా ఉన్నాయనుకుని సగటు తీయండి. పి.హెచ్. 3.5 వద్ద 20 శాతం, 5.5 వద్ద 80 శాతం, 7 వద్ద 99 శాతం వస్తుంది. అంటే మార్పు నిదానంగా జరుగుతుంది. శాస్త్రజ్ఞులు వాడే వామ్, నైకా-డోనన్ నమూనాలకు పునాది ఇదే; విద్యుదాకర్షణ ప్రభావాన్ని కూడా అవి లెక్కలో చేరుస్తాయి.

ఈ ఆవేశాలను బస్సులో సీట్లనుకోండి. పుల్లని నేలలో సీట్లున్నా హైడ్రోజన్ కూర్చుని ఉంటుంది. సున్నం వేస్తే లేస్తుంది. పి.హెచ్. 7 ఉన్న నేలలో సున్నంతో పనిలేదు, సీట్లే పెంచాలి. జీలుగ, పశువుల ఎరువు, బాగా చివికిన కొబ్బరి పొట్టు ఆ పని చేస్తాయి. పచ్చి పొట్టు వేస్తే అది కుళ్ళేటప్పుడు సూక్ష్మజీవులు పైరుకు అందవలసిన నత్రజనిని తీసుకుంటాయి. ఉప్పునీరు ఎక్కి చౌడుబారిన నేలలో సీట్లు సోడియం పాలవుతాయి. అక్కడ జిప్సం వేసి, మంచినీరు పెట్టి, మురుగు బయటికి పోనివ్వాలి.

2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో పి.హెచ్., లవణ సూచిక, సేంద్రియ కర్బనం మూడూ ఉంటాయి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ మూడు అంకెలూ చదివి, మన పొలానికి సీట్లు తక్కువా, సీట్లలో కూర్చున్నది ఎవరు అన్నది అమ్మానాన్నలకు వివరిద్దాం. బస్తా కొనేముందు తెలియవలసిన సంగతి అదే.