కీమోథెరపీ వేళ నోటిపూత: నివారణ, చికిత్స

తిరువూరునుండి విజయవాడకో, హైదరాబాదుకో వెళ్లి క్యాన్సరుకు కీమోథెరపీ చేయించుకొన్నవారు నోటిపూతకు కషాయమిమ్మని అడుగుచుందురు. ఇది వేడి చేసి వచ్చు సామాన్యపు పూత కాదని వారు ముందుగా గ్రహింపవలెను.

క్యాన్సరు కణములను చంపు మందు, త్వరత్వరగా పుట్టెడి నోటిపొర కణములనుకూడ దెబ్బతీయును. సాధారణముగా 5 నుండి 10 దినములలో పుండ్లు లేచి, 2, 3 వారములలో మానును. అదే సమయమున రక్తములో తెల్లకణములు తగ్గుటచే, పుండ్లద్వారా సూక్ష్మజీవులు రక్తమున ప్రవేశింపవచ్చును.

నివారణ: చికిత్సకు ముందే పుచ్చుపళ్లను బాగుచేయించుకొనవలెను. మెత్తని బ్రష్షు వాడవలెను. కొన్ని మందులు ఎక్కించునపుడు మంచుముక్కలు చప్పరించిన పూత తగ్గును. ఆక్సాలిప్లాటిన్ ఇచ్చునపుడు మాత్రము చల్లదనము బాధించును గనుక, డాక్టరు నడిగియే చేయవలెను.

చికిత్స: గ్లాసెడు కాచి చల్లార్చిన నీటిలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా తినేసోడా కలిపి, దినమునకు 4 నుండి 6 మార్లు పుక్కిలించి ఉమ్మివేయవలెను. మన శాస్త్రములోని కవళవిధి ఇట్టిదే. చల్లార్చిన రాగిజావ, మెత్తని పప్పన్నము పథ్యము. ఆవకాయ, కారము, పులుపు, పొగాకు అపథ్యము. తెల్లకణములు తగ్గినవారికి పచ్చి తేనె, పచ్చి ఆకురసములు తగవు. క్యాన్సరు వైద్యునికి తెలుపక కషాయములు, లేహ్యములు సేవింపరాదు.

ఇంట థర్మామీటరు ఉంచుకొనుడు. జ్వరము 100.4 డిగ్రీలు చేరినచో అర్ధరాత్రియైనను ఆసుపత్రికి వెళ్లవలెను. తెల్లవారనిమ్మని ఆగుట ప్రాణాపాయము.