తిరిగివచ్చుచున్న కళ్ళద్దాలు

సమస్య

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలోని కొన్ని చిన్న కంటిపరీక్షా కేంద్రములను పర్యవేక్షించు బాధ్యత నాది. అందు పనిచేయువారు శిక్షణ పొందినవారే, రోగులయెడ మర్యాద నెరిగినవారే. అయినను వారు వ్రాసియిచ్చిన అద్దాలు పెట్టుకొనలేక తిరిగివచ్చువారు ఎక్కువగుచున్నారు. జగిత్యాల వైపు నుండి వచ్చిన బీడీకార్మికురాలొకతె, గోడమీది అక్షరములు కనబడుచున్నను చాటలోని ఆకు అంచు కానరాకున్నదని కంటతడి పెట్టినది. బడిపిల్లవాడొకడు కొత్త అద్దాలతో తలనొప్పి యనుచున్నాడు. పైనుండి వచ్చిన తాఖీదులవలన ప్రయోజనము కనబడలేదు. ఈ పరీక్షకుల మనస్సు నొవ్వకుండ వారి పని నెట్లు చక్కదిద్దవలయును?

— ఒక పర్యవేక్షకురాలు

సలహా

అమ్మా, ఆ కార్మికురాలి కన్నీరు మీ మనస్సును తాకుటయే ఈ పనికి మీరు తగినవారని చెప్పుచున్నది. 1996 నుండి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు నడపిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనమునకు ఎన్నుకొనబడిన నాలుగు ప్రాంతములలో ఆదిలాబాదు ఒకటి. తగిన అద్దాలు లేకుండుట చూపు మందగించుటకు ముఖ్యకారణములలో నొకటియని అది వెల్లడించినది. ఆ ప్రాంతపు ముధోల్‌లో ఆ సంస్థ కంటి ఆసుపత్రి నెలకొన్నది. 2018 ఆగస్టు 15న ఆరంభమైన తెలంగాణ ప్రభుత్వపు కంటి వెలుగు పథకము ఊరూరికి పరీక్షను తెచ్చినది. ఇట్లు అద్దము పల్లెకు చేరినను, అది ఆ కంటికి సరిపోవుట పరీక్షించువాని నేర్పుమీదనే యున్నది.

తాఖీదు తప్పు జరిగినదని చెప్పునే గాని, అది ఎచ్చట జరిగినదో చూపలేదు. కావున ఒక్కొక్కరి కేంద్రమునకు వెళ్ళి, పూర్వాహ్ణమంతయు ప్రక్కన గూర్చుండి, మాట కడ్డుపడక వారి పరీక్షను చూడుడు. రోగులు వెళ్ళిన పిదప, తలుపు మూసి, ఈ అద్దమునే యేల వ్రాసితివని నెమ్మదిగా నడుగుడు. చత్వారమునకు వయస్సును బట్టియే అద్దము వ్రాయు అలవాటు తరచుగా బయటపడును. నలుబది సెంటీమీటర్ల దూరపు చూపునకు మొత్తము రెండున్నర డయాప్టర్ల శక్తి చాలును. ఇరువదియైదు సెంటీమీటర్లకు నాలుగు కావలయును. అందు కన్ను తాను సమకూర్చుకొనలేని భాగమునే అద్దము పూరింపవలయును. బీడీ చుట్టు స్త్రీ చాటను ఎంత దూరమున బెట్టుకొనునో, సిరిసిల్ల నేతగాడు మగ్గముపై నూలును ఎంత దూరమునుండి చూచునో అడుగక వ్రాసిన చీటీ వయస్సునకు సరిపోవచ్చును గాని వృత్తికి సరిపోదు. మీరు చెప్పిన ఆ కార్మికురాలిని చాటతో మరల పిలిపించి, మునుపు పరీక్షించిన వానిచేతనే మీ యెదుట పరీక్ష చేయింపుడు.

పిల్లల విషయము ఇంకను సున్నితమైనది. మైనస్ పవరు అవసరమునకు మించినను, లేతకన్ను బలవంతముగా సర్దుకొని కడపటి వరుసవరకు చదివివేయును. పరీక్షకుడు తృప్తిపడును, పిల్లవాని తల నొచ్చును. అట్టి బాలురను మందుచుక్కలు వేసి పరీక్షింపగల పెద్ద ఆసుపత్రికి పంపుట చిన్నతనము కాదని మీ వారికి నచ్చజెప్పుడు.

లోపము వారిది కానిచోట దానిని వారిపై మోపకుడు: పరీక్షగది పొడవు చాలకుండవచ్చును, అద్దాల పెట్టెలో కొన్ని పోయియుండవచ్చును, వాకిట నిలిచిన జనము తొందరపెట్టుచుండవచ్చును. దినమునకు ఇన్ని జతలు వ్రాయవలెనను లెక్క మీ పైవారు పెట్టియున్నచో, దానిని తీసివేయుమని మొదట వారికే వ్రాయుడు. ఇచ్చిన అద్దాలలో కొన్నిటిని ప్రతి మాసము మరల పరీక్షించుటకు ఒక దినము ప్రత్యేకింపుమని ఆ లేఖలోనే కోరుడు.