చచ్చిన కణాన్ని ఎవరు చంపారు?

చి. శిరీషకు,


వైరాలజీ ల్యాబులో చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమమ్మా. నీకు ఒక్క మాట చెప్పాలి. డిష్‌లో కణాలు చచ్చి కనిపించగానే వైరస్ చంపిందని నోట్‌బుక్‌లో రాసేయకు. ఎప్పుడు చచ్చాయో, ఎలా చచ్చాయో ముందు చూడు.

శనగ చేలో పచ్చపురుగు మీద సాయంత్రం పూట ఎన్.పి.వి. అనే వైరస్ ద్రావణం కొట్టడం నీకు తెలుసుగా. వైరస్ సోకిన పురుగు మొక్క పైకి పాకి, తలకిందులుగా వేలాడి చస్తుంది. ముట్టుకుంటే చర్మం చిట్లి నీరులా కారుతుంది. ఆ నీటి నిండా వైరసే. అంత వైరస్ తయారు కావాలంటే పురుగు కణాలు బతికుండాలి. కణం అందుకు ఒప్పుకోదు. వైరస్ చొరబడిందని పసిగడితే, అది పెరిగేలోపే తనను తాను చంపుకుంటుంది. అదే అపోప్టోసిస్.

1991లో రోలీ క్లెమ్, మార్కస్ ఫెక్‌హైమర్, లోయిస్ మిల్లర్ ఇదే కుటుంబానికి చెందిన వైరస్‌లో ఒక మ్యూటెంట్‌ను పరిశీలించారు. 2018 నుంచి మన మొక్కజొన్నను తినేస్తున్న కత్తెర పురుగు ఉందే, దాని కణాల్లో వేశారు. మామూలు వైరస్ సోకిన కణాలు రోజుల తరబడి నిలుస్తాయి. ఈ మ్యూటెంట్ సోకినవి ఒక్క రోజులోనే బుడగలు బుడగలుగా విడిపోయాయి. చూసినవాళ్లెవరైనా ఇది మరింత భయంకరమైన వైరస్ అనుకుంటారు. నిజానికి అది పీ35 అనే జన్యువు పోగొట్టుకున్న బలహీనమైన వైరస్. కణం చావును ఆపలేక దాని దిగుబడే పడిపోయింది. అదే మ్యూటెంట్‌ను క్యాబేజీ లూపర్ అనే మరో పురుగు కణాల్లో వేస్తే అపోప్టోసిస్ కనిపించలేదు, వైరస్ మామూలుగానే పెరిగింది. నాకు ఈ రెండో డిష్షే ముఖ్యం. అది లేకపోతే తేడా వైరస్‌లోనే కాదు, కణంలోనూ ఉందని తెలిసేది కాదు.

ఆ జన్యువు తయారుచేసే పీ35 ప్రోటీన్ పనితనం చూడు. కణాన్ని లోపలి నుంచి కోసే ఎంజైములు కాస్పేజులు. అవి పీ35ను కూడా కోస్తాయి, కానీ కోశాక అది ఊడిరాదు. తాళంలో విరిగిన తాళంచెవిలా అక్కడే ఇరుక్కుపోతుంది, ఆ కాస్పేజ్ ఇక పనికిరాదు. మనుషుల కాస్పేజులనూ ఇది ఆపగలదు.

మనుషులకు సోకే వైరస్‌లదీ ఇదే ఎత్తు, దారులు వేరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్.పి.వి. రకాల్లోని ఈ6 ప్రోటీన్, కణానికి చావు ఆదేశమిచ్చే పీ53 అనే ప్రోటీన్‌ను నాశనం చేయిస్తుంది. చావాల్సిన కణం చావకపోవడమూ జబ్బే.

అందుకని, వైరస్ వేయని డిష్‌ను ఎప్పుడూ పక్కన ఉంచుకో. కొన్ని గంటలకోసారి ఫొటో తీసుకో, రాత్రయినా సరే. అనుకున్నదానికంటే ముందే చచ్చిన డిష్‌ను మాత్రం పాడైందని పారేయకు తల్లీ.

ఇట్లు,
మీ పెద్దమ్మ