పాఠశాలలో దాసోహ శిక్షణము

పాఠశాలలలో విరాళములు వసూలు చేయుట క్రొత్త కాదు. 1949 నుండి ప్రతి సంవత్సరము డిసెంబరు 7వ తేదీన సాయుధ దళముల పతాక దినము జరుగుచున్నది. చిన్న పతాకము చేతికిచ్చి పైకము తెమ్మనినచో బాలుడు తండ్రిని అడుగును, తండ్రి ఇచ్చును, ఉపాధ్యాయుడు లెక్క కట్టును. ఆ సొమ్ము సైనికుల కుటుంబముల సంక్షేమమునకని ఆ బాలునకు ఎవరును చెప్పరు. పైకము చేరవలసిన చోటికి చేరును గాని బాలుని మనస్సు కదలదు.

12వ శతాబ్దమున కల్యాణ పట్టణమున బసవేశ్వరులు చూపిన మార్గములో దాసోహమునకు ముందు కాయకము కలదు. న్యాయముగా శ్రమించి ఆర్జించినదే సమర్పణకు అర్హము. దాత తాను అధికుడనని తలపవచ్చును. దాసోహము చేయువాడు తాను సేవకుడనని తలచును. తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమార స్వామివారు (1907-2019) వేలాది బాలురకు కుల మత భేదము లేక అన్నము, అక్షరము, ఆశ్రయము సమకూర్చినది ఈ భావముతోనే. కావున పిల్లలు సేకరించు ధనము వారి శ్రమ నుండియే రావలెను. బడి తోటలో ఆకుకూరలు పెంచి అమ్మవచ్చును. పాత నోటు పుస్తకములలో మిగిలిన తెల్ల కాగితములను కూర్చి క్రొత్త పుస్తకములు కుట్టవచ్చును. గుడ్డ సంచులు కుట్టుట నేర్పుటకు ఊరి దర్జీని పిలిచినచో, ఆయన ఇచ్చు ఆ ఒక్క పూటయు దాసోహమే.

అనేక చోట్ల ఎవరెంత తెచ్చిరో తరగతిలో పేరు పేరున చదువుదురు. అధికముగా తెచ్చినవానికి బహుమతి ఇత్తురు. ఏమియు తేలేని కూలివాని బిడ్డ ఆనాడు తల వంచుకొని కూర్చుండును, లేదా బడికే రాడు. ఒక పేదకు సాయపడబూని మరియొక పేదను అవమానించుట ఏమి ధర్మము? బసవన్న పేరు చెప్పుకొను మనము ఈ పట్టికలను చింపివేయవలెను. శ్రమ అందరిది, పెట్టె ఒక్కటి.

ధనము దేనికో ముందే నిశ్చయింపవలెను. పేదల సహాయార్థము అనినంత మాత్రమున పిల్లలకు ఏమియు బోధపడదు. సమీప వసతి గృహమున 30 మందికి దుప్పట్లు కావలెననినచో, వారే అంగడికి పోయి వెల విచారించి, మొత్తము కట్టి నల్లబల్లపై వ్రాయుదురు. వారము వారము జమాఖర్చులును వారే వ్రాయవలెను. సొమ్ము మాత్రము రసీదుతో ప్రధానోపాధ్యాయుని వద్ద ఉండుట మంచిది. దుప్పట్లు ఇచ్చునాడు ఫోటోలు వలదు, పుచ్చుకొను బాలురను వరుసగా నిలబెట్టుటయు వలదు. వార్డెను గారికి అప్పగించి రావలెను.

లెక్కకు మించి వచ్చినచో? శరణులలో ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుటయే కాయకముగా గలవాడు. ఒకనాడు నిత్యముకంటె అధికముగా తేగా, ఆయన ధర్మపత్ని లక్కమ్మ అంగీకరింపక, మిగులును తెచ్చినచోటనే పోసి రమ్మనెను. దుప్పట్ల కొరకు కూర్చిన సొమ్ములో మిగిలినది బడి గోడల సున్నమునకు ఖర్చగుట పిల్లలు చూచినచో, వారు నేర్చు పాఠము వేరు. ఆ మిగులును ఏమి చేయవలెనో సభ జరిపి వారినే అడుగవలెను. అనుభవ మంటపమున అన్ని వృత్తుల స్త్రీ పురుషులకును మాటాడు హక్కుండెను. ఈ సభలో మూడవ తరగతి బాలిక లేచి మాటాడినను పెద్దలు అడ్డుపడక వినవలెను.