ఏ బిళ్ల తీయాలో ఉపవాసం చెప్పదు

విజయనగరం

అల్లుడూ,

మీ అమ్మ ఫోనులో చెప్పిన మూడు సంగతుల్లో రెండు విని సంతోషించాను. వైశాఖంలో 86 కిలోలున్నవాడివి, రోజూ పదహారు గంటలు ఉపవాసం ఉండి ఇప్పుడు 80కి దిగావట. రాత్రి కొట్టు కట్టేశాక కాశీబుగ్గలో తినే బజ్జీలూ మానేశావట. మూడోది విన్నాక మాత్రం కాగితం తీశాను. నీ అంతట నువ్వే బీపీ బిళ్ల ఆమ్లోడిపిన్ ఆపేశావట, దీపావళి వెళ్లాక రెండో బిళ్ల కూడా ఆపేస్తానంటున్నావట. ఫోను చేస్తే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

ముందు నీ వైపునుంచే మాట్లాడతాను. ఉపవాసంతో బీపీ దిగుతుందన్నది కట్టుకథ కాదు. తిండి లేని గంటల్లో రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది. అది తగ్గితే కిడ్నీలు దాచుకున్న ఉప్పునీ, దాంతోపాటు నీటినీ బయటికి పంపిస్తాయి. మొదటి వారాల్లో బరువు గబగబా దిగడానికి ఒక కారణం ఇదే. అమెరికాలో గోల్డ్‌హామర్ అనే ఆయన 2001లో రాసిన లెక్క ఒకటుంది. బీపీ ఉన్న 174 మందిని పది పదకొండు రోజులపాటు ఒట్టి నీళ్ల మీదే ఉంచితే పై అంకె సగటున 37 దిగింది. మందుల మీద ఉన్నవాళ్లకి మందులూ ఆగాయి. నీ వాట్సాప్‌లో తిరిగేది ఈ సంగతే అయ్యుంటుంది. అయితే వాళ్లు వైద్యశాలలో మంచం మీద ఉన్నారు, డాక్టర్లు రోజూ చూస్తున్నారు. పైగా ఉపవాసం లేని మరో గుంపుతో పోల్చి చూసింది లేదు. నువ్వేమో జీడిగింజల బస్తాల మధ్య, కమిషను లెక్కల మధ్య ఉన్నావు.

చైనాలో గ్వాంగ్‌జౌ ఊళ్లో చేసిన పరిశోధన 2022లో వచ్చింది. లావుగా ఉన్న 139 మందిని రెండు గుంపులు చేశారు. అందరికీ తిండి ఒకే లెక్కన తగ్గించారు. ఒక గుంపు మాత్రం ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు లోపలే తినాలి. ఏడాది తిరిగేసరికి రెండు గుంపులకీ బరువు తగ్గింది, బీపీ తగ్గింది. గడియారం చూసి తిన్నవాళ్లకి చెప్పుకోదగ్గ ఎక్కువేమీ రాలేదు. అంటే పని చేసింది తక్కువ తినడమే. పదహారు గంటలు కడుపు మాడ్చుకోవడంలో ప్రత్యేకమైన మహిమ ఉందని నేననుకోను. నీలాంటివాడికి "ఈ వేళ దాటితే ముట్టను" అన్న కట్టుబాటు ఉంటే తిండి తగ్గించుకోవడం సులువవుతుంది, అంతవరకు మంచిదే. వేళ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మధ్యాహ్నం మూడులోపు తిండి ముగించిన మగవాళ్లకి బరువు తగ్గకుండానే బీపీ దిగిందని 2018లో ఒక చిన్న పరిశోధన వచ్చింది. చిన్నదంటే మరీ చిన్నది, ఎనిమిదిమందే. నువ్వు చేసేది దానికి సరిగ్గా తలకిందులు. ఒంటిగంటకి మొదలుపెట్టి రాత్రి తొమ్మిదికి ముగిస్తున్నావు. కొట్టు వేళల వల్ల మరీ ముందుకి జరపలేవని తెలుసు. రాత్రి భోజనం ఏడుకి కొట్లోకే తెప్పించుకుంటే ఎవరొద్దంటారు?

ఇప్పుడు లెక్క చూడు. బరువు కిలో తగ్గితే పై అంకె దాదాపు ఒకటి తగ్గుతుంది. నువ్వు ఆరు కిలోలు తగ్గావు, ఆరు పాయింట్లు అనుకో. బీపీ బిళ్ల ఒకటి మామూలు మోతాదులో తొమ్మిది పాయింట్ల వరకు దించుతుంది. అంటే ఇంత కష్టపడి నువ్వు సంపాదించింది ముప్పాతిక బిళ్ల కన్నా తక్కువ. ఉప్పు కూడా గట్టిగా తగ్గిస్తే ఇంకో నాలుగైదు పాయింట్లు వస్తాయి, అప్పుడు నిండు బిళ్ల అవుతుంది. ఒక బిళ్ల తగ్గించుకోవాలన్న నీ కోరిక న్యాయమైనదే. అన్నీ ఆపేస్తానన్నది మాత్రం లెక్కకి అందని ఆశ.

"బిళ్ల ఆపి నాలుగు రోజులు చూశాను, 128 కన్నా పైకి పోలేదు" అన్నావట మీ అమ్మతో. ఆమ్లోడిపిన్ ఒంట్లోంచి తొందరగా పోయేది కాదురా. ఒకటిన్నర రెండు రోజులైతేగానీ సగం కూడా పోదు. ఆ నాలుగు రోజులూ నువ్వు కొలిచింది పాత బిళ్ల పనితనాన్నే. ఇంకో సంగతి, ఎండాకాలంలో బీపీ దానంతటదే కాస్త దిగుతుంది, చలికాలంలో ఎక్కుతుంది. నీ ఉపవాసం మొదలైంది వైశాఖంలో. అసలు పరీక్ష మార్గశిరం మంచులో ఉంటుంది.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టింది చెప్తాను. నీ చీటీలో ఉన్న రెండో బిళ్లలో టెల్మిసార్టన్‌తోపాటు క్లోర్తాలిడోన్ కలిసి ఉంది. క్లోర్తాలిడోన్ ఒంట్లో ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపించే మందు. ఉపవాసం చేసే పనీ కొంత అదే అని పైన రాశాను కదా. రెండూ కలిసి, పైన ఎండ తోడైతే ఒళ్లు ఎండిపోతుంది. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయని మీ అమ్మతో అన్నది అందుకే కావచ్చు. ఉపవాసం ఉండేవాడి చీటీ చూడగానే చాలామంది డాక్టర్లు ముందు ఆలోచించేది ఈ నీరు తీసే మందు గురించే. నువ్వు దాన్ని ఉంచి ఇంకోదాన్ని తీశావు!

నువ్వున్నది ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలం చూసినా డయాలసిస్‌కి వెళ్లొచ్చే మనుషులున్నారు. అక్కడి కిడ్నీ జబ్బు కాళ్లు వాచి, ముఖం ఉబ్బి చెప్పి రాదు. క్రియాటినిన్ లోలోపల పెరిగాక బయటపడుతుంది. దీనికి ఫలానాదే కారణమని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ఒళ్లు ఎండిపోవడమూ, నొప్పి బిళ్లలూ కిడ్నీకి చేటన్నది మాత్రం తేలిన సంగతే. టెల్మిసార్టన్, నీరు తీసే మందు, నడుం నొప్పికి డైక్లోఫెనాక్, ఈ మూడూ నీళ్లు తాగని ఒంట్లో కలిస్తే ఆరోగ్యమైన కిడ్నీ కూడా దెబ్బతినొచ్చు. అందుకని నిర్జలోపవాసం జోలికి పోకు. వచ్చే కార్తీక సోమవారాల్లో మీ అమ్మతోపాటు నక్షత్రాలు చూసేదాకా ఉంటావేమో, ఉండు, కానీ నీళ్లు తాగు. శివుడు నీళ్లంటే ఇష్టపడేవాడే. వాంతులూ విరేచనాలూ పట్టుకున్న రోజున ఉపవాసం మానెయ్, ఈ బిళ్ల వేసుకోవచ్చా వద్దా అని డాక్టరుకి ఫోను చేసి అడుగు.

ఉపవాసం విడిచేటప్పుడు కొబ్బరినీళ్లు తాగుతున్నావట. మన తోటలోవే, కాదనను. కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, టెల్మిసార్టన్ కూడా ఒంట్లో పొటాషియం పెంచుతుంది. కిడ్నీ బాగున్నవాడికి ఒక బొండం ఫరవాలేదు, బాగోలేనివాడికి గుండెకే ముప్పు. "బీపీకి మంచిది" అని అమ్మే తక్కువ సోడియం ఉప్పుకీ ఇదే మాట వర్తిస్తుంది, అందులో కలిపేది పొటాషియమే. రక్తపరీక్ష కాకుండా దాన్ని ఇంటికి తేవొద్దు. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన కిడ్నీ ఆసుపత్రి నీ కొట్టుకి ఎంత దూరం? క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్, ఈ మూడూ చూపించుకో.

ఉప్పు గురించి నీకు కొత్తగా చెప్పేదేముంది. నౌపడ ఉప్పుమళ్ల పక్కన పుట్టిన జాతి మనది. రోజుకి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, అంటే ఒక చిన్న చెంచా. నీ ఒంటిగంట కంచం చూడు. ఆవకాయ, ఉప్పుచేప, అప్పడం, చివర ఉప్పు కలిపిన మజ్జిగ. పదహారు గంటలు బయటికి పంపిన ఉప్పుని అరగంటలో తిరిగి పోసుకుంటున్నావు. సాయంత్రం టీతోపాటు కొట్లో వేయించిన ఉప్పు జీడిపప్పు లెక్కలోకే రాదు! అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకుని ఆదివారం ఉప్పు ముట్టని వాళ్లు మన శ్రీకాకుళంలో ఎంతమంది లేరు! మా అమ్మ ఆ రోజు పెసరపప్పులో నిమ్మకాయ పిండి, అల్లం, జీలకర్ర వేసి పెట్టేది, కంచంలో మెతుకు మిగిలేది కాదు. మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పు లేని వంట అన్నప్పుడు చాలామంది నవ్వారు. ఆయన చెప్పే మిగతావాటి మాటెలా ఉన్నా, బీపీవాడికి ఈ ఒక్క మాట కొట్టిపారేసేది కాదు. నిన్ను అంత దూరం పొమ్మనను. ఉప్పుచేప, అప్పడం మానెయ్, ఆవకాయ బద్ద వారానికొకటి.

ఇక చెయ్యాల్సింది. ఆపిన బిళ్ల సంగతి దాచకుండా, రేపే మీ డాక్టరుగారికి చెప్పు. మళ్లీ మొదలెట్టమంటే మొదలెట్టు. చేతిమణికట్టుకి కట్టే బీపీ మిషను కాకుండా, జబ్బకి పట్టీ చుట్టేది కొనుక్కో. నీ జబ్బ లావు కాబట్టి పెద్ద పట్టీ అడుగు, చిన్న పట్టీ బీపీని ఎక్కువ చూపిస్తుంది. ఉదయం బిళ్లకి ముందు, రాత్రి భోజనానికి ముందు కొలుచుకో. టీ తాగి, మెట్లెక్కి వచ్చి కొలవకు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేలమీద పెట్టి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చో. చెయ్యి బల్లమీద గుండె ఎత్తున ఉండాలి. ఎవరైనా జీడిపప్పు ధర అడిగితే జవాబు చెప్పకు, మాట్లాడితే అంకె పెరుగుతుంది. నిమిషం ఆగి రెండోసారి కొలిచి, రెండూ రాసిపెట్టు. నిలబడి కూడా ఒకసారి చూడు, పై అంకె 20 పడిపోయినా, 100 కన్నా కిందికి వచ్చినా ఆగకుండా ఫోను చెయ్యి. ఆ పుస్తకం డాక్టరు ముందు పెట్టి, "ఉపవాసం చేస్తున్నాను, ఇన్ని కిలోలు తగ్గాను, ఏ మందు తగ్గించవచ్చు?" అని అడుగు. ఇంట్లో అంకెలు 135/85 కన్నా బాగా కింద నిలకడగా ఉంటే ఆయనే ఒకటి తగ్గిస్తారు. రంజాన్‌కి ముందే వచ్చి మందుల వేళ మార్చి రాయించుకునే వాళ్లని నేను పనిచేసిన ఆసుపత్రిలో ఏటా చూసేదాన్ని, ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

అన్నట్టు, నిన్ను చూసి మీ నాన్న కూడా పొద్దుటి టిఫిను మానేశాడట. మా తమ్ముడు వేసుకునేది గ్లిమిపిరైడ్. అది వేసుకుని తినకుండా కూర్చుంటే షుగరు పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. ఈ ఉత్తరం అందిన రోజే వాడి చేత ఇడ్లీ తినిపించు, వాడి మందుల చీటీ కూడా నీ పుస్తకంతోపాటు డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లు.

ఇట్లు
మీ అత్త