టేపు ఆపాక చెప్పేది

తెనాలి

చి. సుధకి,

నీ ఉత్తరం అందింది. న్యూయార్క్‌లో అరవైల నాటి ప్రయోగ నాటకాలవాళ్లను కలిసి, వాళ్ల మాటల్లోంచే పాటలు కట్టి నాటకం వేస్తానన్నావు. "ఇదేమన్నా కూడు పెట్టే చదువేనా అన్నయ్యా" అని మీ అమ్మ నన్నడిగింది. నేను కాఫీ అడిగి మాట మార్చాను.

వాళ్లను అడగబోయే ప్రశ్నలు దిద్దమని పంపావు. దిద్దేందుకేం లేదు, చింపెయ్. అన్నీ "ఎప్పుడు, ఎందుకు" అనే ఉన్నాయి. ఎలెన్ స్టీవర్ట్ 1961లో తూర్పు తొమ్మిదో వీధిలో ఓ నేలమాళిగలో లామామా నాటకశాల మొదలుపెట్టిందని పుస్తకాల్లోనే దొరుకుతుంది. ఆ మాళిగలో చలికి ఏం చేసేవాళ్లు? కాఫీ ఎవరు కలిపేవాళ్లు? నాటకానికి ముందు ఆమె గంట మోగించేదిగా, అదెలా మోగేది? ఇవడుగు. ఆ చప్పుడు నోటితో చేసి చూపిస్తారు. నీ పాట అక్కడ మొదలుపెట్టుకో.

నా అప్రతిష్ఠ ఒకటి చెబుతాను. ముప్పై ఏళ్ల కిందట పద్యనాటకాలకు వాయించిన ఓ హార్మోనిస్టు మాటలు టేపు చేసుకొచ్చి నాటిక రాశాను. దగ్గులూ, "అదేంటయ్యా... అదే..." అనడాలూ, మాట్లాడుతూనే కుడిచేత్తో మోకాలి మీద మెట్లు నొక్కుకోవడం, అన్నీ చెత్త అనుకుని ఊడ్చేశాను. ప్రదర్శనకి ఆయన్నే పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాను. అయిపోయాక నా భుజం తట్టి, "బాగుందయ్యా. ఇంతకీ ఎవరాయన?" అన్నాడు.

అందుకే 'లండన్ రోడ్' అనే సంగీత నాటకం విను. ఇప్స్‌విచ్‌లో 2006లో అయిదుగురు ఆడవాళ్లు హత్యకు గురయ్యారు. హంతకుడు అద్దెకున్న వీధివాళ్లను రచయిత్రి అలెకీ బ్లైత్ మాట్లాడించి రికార్డు చేసింది. సంగీతకారుడు ఆడం కార్క్ ఆ మాటలకు బాణీ కట్టలేదు, వాటిలో ఉన్న బాణీనే పట్టుకున్నాడు. నసుగుడు, తడబాటు, సగంలో మింగేసిన మాట, అన్నీ స్వరాల్లోకి వచ్చాయి. 2011లో లండన్ నేషనల్ థియేటర్‌లో ఆడింది. న్యూయార్క్ సివిలియన్స్ నాటక బృందం మొదట్లో దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచింది. రికార్డరూ కాగితమూ లేకుండా విని, తర్వాత గుర్తున్నంత రాసుకునేవాళ్లు. నువ్వు రికార్డు చెయ్, కానీ దాని మీద ఆనుకుని చెవులు బద్ధకించనీకు.

ఇక అసలు చిక్కు. ఈ మనుషులు ఒకరికొకరు పొసగని మాటలు చెబుతారు. జో చీనో 1958లో కార్నీలియా వీధిలో పెట్టిన కాఫీ కొట్టులో చిన్న అరుగు మీద ఆడిన నాటకాలు చాలావాటికి మిగిలింది చూసినవాళ్ల జ్ఞాపకమే. ఒకే రాత్రి గురించి ఒకామె వాన అంటుంది, ఇంకొకాయన మంచు అంటాడు. వాతావరణ శాఖని అడగబోకు, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి పాడించు. ఎలెన్ స్టీవర్టే తన చిన్ననాటి సంగతులు ఒక్కో చోట ఒక్కోలా చెప్పేది. నిజం నిగ్గు తేల్చడానికి చరిత్రకారులున్నారు. ఆమె ఎందుకు అలా మార్చి చెప్పుకుందో నీకు కావాలి. ఎలిజబెత్ స్వాడోస్ కుర్రతనంలోనే లామామాలో చేరి సంగీతం చేసింది, చివరికి ఎలెన్ మీదే 'లామామా కాంటాటా' కట్టింది. దాన్ని వెతికి చూడు.

డబ్బు మాట నువ్వు రాయలేదు, నేను రాస్తున్నాను. 1974 జనవరిలో నృత్య దర్శకుడు మైకేల్ బెనెట్ డాన్సర్లను కూర్చోబెట్టి రాత్రంతా మాట్లాడించిన టేపుల్లోంచే 'ఎ కోరస్ లైన్' పుట్టింది. వాళ్లు తమ కథల మీద హక్కు ఒక్కో డాలరుకి రాసిచ్చేశారు. ఆ నాటకం బ్రాడ్‌వేలో 6,137 సార్లు ఆడింది. తర్వాత రాబడిలో కొంత వాటా ఇచ్చారనుకో, అయినా ఆ డాలరు నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది. సంతకం పెట్టించుకునే ముందే వాటా ఎంతో కాగితం మీద రాయి. టేపు ఆపాక, గుమ్మం దాకా సాగనంపుతూ ఏదో చెబుతారు చూడు, నాటకానికి పనికొచ్చేది చాలాసార్లు అదే. అయినా మర్నాడు ఫోన్ చేసి అడక్కుండా వాడకు. వద్దంటే వదిలెయ్.

అత్తయ్య జంతికలు పంపుతోంది. ఇంటర్వ్యూలకి పట్టుకెళ్తానన్నావుట. పళ్లున్నాయో లేదో చూసి పెట్టు.

మీ మామయ్య