పదాల జాబితా బట్టీ పట్టిస్తే ఇంగ్లిష్ వస్తుందా?

పిల్లలకు ఇంగ్లిష్ రాకపోవడానికి పదాలు తెలియకపోవడమే కారణమని చాలామంది తల్లిదండ్రుల నమ్మకం. అందుకే ఎనిమిదో తరగతి నుంచే రోజుకు ఇరవై పదాల చొప్పున అప్పజెప్పించుకుంటున్నారు. చుట్టాలొస్తే వాళ్ల ముందూ అదే పరీక్ష. డిగ్రీకి వచ్చేసరికి అమీర్‌పేటలోనో విజయవాడలోనో వొకాబులరీ క్లాసులు, వాటికి మళ్లీ వేలల్లో ఫీజు.

విదేశీ చదువులకు రాసే జీఆర్ఈ, కేంద్ర ఉద్యోగాలకు రాసే ఎస్ఎస్‌సీ పరీక్షల జాబితాల్లో తరచూ కనిపించే ‘ఆడేషస్’నే చూడండి. ఎదురుగా ‘ధైర్యంగల’ అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. అది నమ్మిన కుర్రాడు రెజ్యూమెలో ‘ఐ యామ్ ఆడేషస్’ అని పెట్టేస్తాడు. చదివిన హెచ్ఆర్‌కు ఇతను ధైర్యవంతుడా, పెద్దాచిన్నా చూడని మనిషా అన్న అనుమానం వస్తుంది. తప్పు కుర్రాడిది కాదు, అర్థాన్ని ఒక్క ముక్కకు కుదించిన ఆ జాబితాది.

బ్యాటర్ ఫాస్ట్ బౌలర్‌ను రివర్స్ స్వీప్‌తో సిక్సర్ కొడితే ఇంగ్లిష్ పత్రికలు ఆ షాట్‌ను ఆడేషస్ అంటాయి. పట్టపగలు నగల దుకాణం దోచుకుపోయినా అదే మాట వాడతాయి. మొదటిది సాహసం, రెండోది బరితెగింపు. లాటిన్‌లో తెగించడాన్ని చెప్పే క్రియ నుంచి పుట్టిన మాట కనుక మెప్పుకూ తిట్టుకూ పనికొస్తుంది. ఎక్కువగా పథకానికో, ఎత్తుగడకో, లక్ష్యానికో ముందు చేరుతుంది. జిమ్ కాలిన్స్, జెర్రీ పోరస్ 1994లో తమ ‘బిల్ట్ టు లాస్ట్’ పుస్తకంలో ఈ మాట వాడింది కంపెనీల భారీ లక్ష్యాల గురించే. రెజ్యూమెలో కుర్రాడు తన గురించి చెప్పుకోవాల్సినచోట ఈ విశేషణం ఎందుకు? ఒప్పుకున్న కష్టమైన పనేమిటో, అందులో ఏం సాధించాడో రెండు వాక్యాల్లో రాస్తే చాలు.

పరీక్షలూ మారాయి. 2011 ఆగస్టులోనే జీఆర్ఈ వ్యతిరేక పదాల ప్రశ్నలను తీసేసింది. ఇప్పుడు సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఆరు పదాలిచ్చి, ఖాళీలో ఇమిడి ఒకే అర్థమిచ్చే రెండింటిని ఎంచమంటారు. రెండూ సరిపోతేనే మార్కు. అర్థాలు వేరైన ‘డేరింగ్’, ‘ఇంప్యుడెంట్’ రెండింటినీ ఆడేషస్ పక్కన రాసుకుని వల్లెవేసినవాళ్లు సరిగ్గా ఇక్కడే బోల్తా పడతారు. ఎస్ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో పర్యాయపదాలు నేరుగా అడుగుతారన్నది నిజమే. కానీ అదే పేపర్లో కాంప్రహెన్షన్, క్లోజ్ టెస్ట్ కూడా ఉంటాయి, తప్పు జవాబుకు అర మార్కు పోతుంది.

వొకాబులరీ క్లాసుకు కట్టే డబ్బుతో ఇంటికి ఇంగ్లిష్ దినపత్రిక వేయించుకోవడం మేలు. రోజూ అరగంట సంపాదకీయం, ఆటల పేజీ చదివి, తెలియని పదం తగిలితే ఆ వాక్యాన్ని మొత్తంగా నోటుబుక్కులో ఎక్కించాలి. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ నిఘంటువులు ఆన్‌లైన్‌లో ఉచితం. ఉదాహరణ వాక్యాలూ, ఉచ్చారణా ఉంటాయి. అదే పదంతో సొంత వాక్యం రాసి టీచర్‌కు చూపించాలి. వారానికి అయిదు పదాలు ఇలా వచ్చినా చాలు, ఇంట్లో ఎవరూ కంగారుపడక్కర్లేదు.

అమెరికా ప్రయత్నంలో ఉన్నవారు మరో సంగతి చూసుకోవాలి. అక్కడి చాలా విశ్వవిద్యాలయాలు కొన్ని కోర్సులకు జీఆర్ఈని ఐచ్ఛికం చేశాయి. కోచింగ్ ఫీజు, పరీక్ష ఫీజు కట్టకముందే తాము ఎంచుకున్న కోర్సు వెబ్‌సైట్‌లో స్కోరు అడుగుతున్నారో లేదో చూడాలి.